టోపీ లేని లవంగం

భద్రాచలం
జూన్ 18

ప్యారీ బేటీ షీరీన్‌కు,

అబ్బా దువాలు. నీ ఉత్తరం అందింది. అందంగనే మీ అమ్మీకి సదివి ఇనిపిస్తుంటే, వంటింట్ల నుంచి బయటికొచ్చి నా ముంగట నిలబడి చెయ్యి ఊపింది. "మెల్లగ సదువు, గోదారి అవతల సారపాక దాక ఇనపడుతున్నది" అంటున్నదని పెదవులు చూసి అర్థం చేసుకున్న. నా గొంతు నాకే ఇనపడదాయె, ఏం జెయ్యాలె! ఫోన్ల నువ్వు మాట్లాడితే నాకు జల్లెడల నీళ్లు పోసినట్టు, ఒక్క మాట నిలువది. గందుకే ఈ ఉత్తరాలు. ఒకందుకు మంచిదే అయింది బేటా. ఫోన్ల మాట ఎవలకు సూపెడుతం? నీ ఉత్తరమైతే జేబుల పెట్టుకొని దుకాణంకు వచ్చినోళ్లందరికి సూపెడుతున్న.

సబ్జా ఆకులు కావాలె అబ్బా అని రాసినవ్! యాభై ఏండ్ల సంది అత్తరు అమ్ముకుంట, ఎండకాలం షర్బత్‌ల, ఫలూదాల సబ్జా గింజలు నానబోసుకుంట బతికినోణ్ని. ఏడో తరగతి ఫేలైనోణ్ని. నా బిడ్డ పీహెచ్‌డీ డాక్టర్ సదువుల నాకు పని దొరికిందంటే నాకు నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలే. రెండు చేసిన.

మొదటి బస్సుకే దుమ్ముగూడెం పోయిన. మనకు ముప్పై ఏండ్ల సంది గింజలు పండించి ఇచ్చే హరిలాల్ మామ నీకు ఎర్కనే. తండా కాడ దిగంగనే ఎదురొచ్చి, నాకు తెలవాల్నని చెవికాడ నోరు పెట్టి అరిశిండు.

"ఏం జానీ, గింజలకు ఇంక రెండు నెలలు ఉండె గదా?"

"గింజలు కాదురా, ఆకులు. నా బిడ్డ ల్యాబుకు."

"ఆకులా? ల్యాబుల మేకలను కట్టేసిండ్రా?"

నేను నీ ఉత్తరం తీసి ఇచ్చిన. సదివినంక నిచ్చెన లెక్క నిటారుగ నిలబడ్డడు. వాని ఇంటామె బాలి అత్త నువ్వు రాసినట్టే లేత ఆకులే, కొసలవి, ఒక్క పురుగు లేకుంట గిల్లి ఇచ్చింది. తడిగుడ్డల చుట్టుకొని దుకాణం తెచ్చిన. ఐసు చేపలోళ్ల కాడ తేలేదు, మన షర్బత్ ఐసే పెట్టిన. నా చేతులతోటి, మన దుకాణం రివాజు ప్రకారం, పెండ్లికి పంపే అత్తరు పెట్టె లెక్క ముద్దుగ కట్టిన.

బస్టాండ్ల కార్గో కాడ రవికుమార్ "జల్దీ తెచ్చినవ్ చాచా" అన్నట్టు వాచీ సూపెట్టిండు. సంతోషంల వాని చెవిల ఒక ఫాయా పెట్టిన. దూదికి అత్తరు అద్ది చెవిల పెట్టుడు మా నాయిన కాలం సంది ఉన్న పద్ధతి గదా, మన గడప తొక్కినోడు ఉత్త చెవితోటి పోలే, మన చేతి పొట్లం ఉత్తగ పోలే.

నా కుడి దవడ పన్ను నాలుగు దినాల సంది సతాయిస్తున్నది. లవంగ నూనె దూది పెట్టుకొని తిరుగుతున్న. ఫికర్ చెయ్యకు.

నీ అబ్బా,
జానీ మియా

*

హైదరాబాద్
జూన్ 28

అబ్బాకు షీరీన్ సలాం.

ఆకులు తెల్లారేసరికి అందాయి. చల్లగా, పచ్చగా, ఇప్పుడే గిల్లినట్టు. నేను క్లాసులో ఉంటే నా జోడీదారు లిఖిత విప్పి పెట్టింది. "మీ నాన్న ఆకులు పంపాడా, పెళ్లికూతుర్ని పంపాడా?" అని అడిగింది.

ఎంజైము అంటే ఏందని ఇంతకుముందొక ఉత్తరంలో అడిగావు కదా, ఈసారి చెబుతా. ఒక సబ్జా ఆకును ఎండకు అడ్డం పట్టి చూడు. సన్నటి చుక్కలు కనపడతాయి. అవి నూనె తిత్తులు. ఒక్కో తిత్తి ఒక కార్ఖానా. ఎంజైములు అందులో పనివాళ్లు. ఒకరు సరుకు కోస్తే ఒకరు అతుకుతారు, ఒక్కొక్కరికీ ఒక్కటే పని, పక్కవాడి పని ముట్టరు. చివర నిలబడ్డవాళ్ల పని టోపీ పెట్టడం. మేం మిథైల్ అంటాం, నువ్వు టోపీ అనుకో. ఒక సరుకు ఉంది, దానికి టోపీ పెడితే సోంపు వాసన వస్తుంది. ఇంకో సరుకు లవంగం. టోపీ లేకుండా ఉంటే లవంగం వాసన ఘాటుగా కొడుతుంది, టోపీ పెడితే మెత్తబడుతుంది. అదే సబ్జా, అదే మట్టి. ఏ తిత్తిలో ఏ పనివాడు ఉన్నాడనేదాన్ని బట్టి వాసన మారిపోతుంది. నా చదువంతా ఇదే అబ్బా.

ఇప్పుడు అసలు సంగతి. పోల్చడానికి తెచ్చిన ముదిగొండ ఫరహా ఖాలా పెరటి మొక్క మామూలుగానే సోంపు. హరిలాల్ మామ ఆకుల నూనె మిషన్‌లో పెడితే లవంగం గీత కాగితం పైఅంచు దాటి పోయింది! నూనెలో సగానికి పైగా లవంగమే. మన దగ్గర సబ్జాలో ఇంత లవంగం మా సార్ ఎన్నడూ చూడలేదట. కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు.

ఆగస్టు 30న కమిటీ ముందు నిలబడాలి. వాళ్లు ఒప్పుకుంటేనే ఇంకో రెండేళ్లు ఫెలోషిప్. లేకపోతే సగం చదువుతో ఇంటికి. మొన్నటిదాకా నా చేతిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, నీకు చెప్పలేదు గానీ చాలా భయపడ్డాను. ఇప్పుడు హరిలాల్ మామ మొక్క ఉంది.

పన్నుకు దవాఖానాకు పో. దూది మందు కాదు.

షీరీన్

*

భద్రాచలం
జులై 5

బేటీ! నా బంగారు బేటీ!

కుర్చీలకెల్లి లేశి వచ్చిండా సారు! ఆ ముక్క కింద ఎర్ర పెన్నుతోటి గీత గీశిన.

నీ ఉత్తరం అందిన దినం దుకాణంల ఎవలకు పైసలు అడుగలే. వచ్చినోళ్లందరికి ఫలూదా. బస్టాండ్ల ఆటోలోళ్లు, గుడికొచ్చిన భక్తులు, సారపాక మిల్లుకు షిఫ్టుకు పోయేటోళ్లు, అందరికి. "ఏంది చాచా, బిడ్డ పెండ్లి కుదిరిందా?" అని చేతులతోటి సైగ చేసిండ్రు. పెండ్లి కాదురా, నా బిడ్డ లవంగం కనిపెట్టింది అన్న. "లవంగం ఎప్పుడో కనిపెట్టిండ్రు గదా" అని ఒకడు నా చెవిల అరిశిండు. వానికి ఫలూదాల గింజలు తక్కువ పోసిన.

తెల్లారి హరిలాల్ కాడికి పోయిన. ఉత్తరం వాడే సదివిండు. సదివి సదివి సేన్లకు పోయి ఒక్కొక్క మొక్క కాడ కూసున్నడు. "ముప్పై ఏండ్లు నా సేన్ల ఉండి ఒక్క మాట చెప్పకపోతివి గదే" అని మొక్కను తిడుతున్నడట, బాలి అత్త సైగ చేసి నవ్వింది. ఆకు నలిపి వాసన చూసిండు. "నాకైతే సోంపే వస్తున్నది జానీ" అని పలక మీద రాసిండు. పెద్ద మిషన్ చెప్పినంక నీ ముక్కు ఎంతరా అన్న. వాడు ఊకుంటడా? కంచె కట్టిండు, గోదారి దిక్కు గేటు పెట్టిండు. పాత రేకు మీద సున్నంతోటి "లవంగ సబ్జా" అని బోర్డు రాసి నిలబెట్టిండు. చుట్టు తండాలోళ్లు సూడవస్తున్నరట. పూల్‌సింగ్ అనేటోడు విత్తనాలకు ఇప్పుడే పేరు రాయించుకున్నడు.

పన్ను పీకిచ్చుకున్న. డాక్టరు నా నోట్ల లైటు పెట్టి చూసి కాగితం మీద రాసి ఇచ్చిండు, "చాచా, ఇది నోరా, లవంగాల డబ్బానా?" అని. మీ అమ్మీ ఇప్పటికి నవ్వుతున్నది.

టోపీల ముచ్చట నాకు మంచిగ అర్థమయింది. నమాజుకు పోతుంటే మసీదు కాడ టోపీలు అమ్మే అజారుద్దీన్‌కు కూడ చెప్పిన. నువ్వు ఎంజైమువురా అన్న. కోపం చేసిండు, తిట్టిన అనుకున్నడు.

నీ అబ్బా

*

హైదరాబాద్
జులై 13

అబ్బాకు సలాం.

అజారుద్దీన్ చాచాకు నా తరఫున మాఫీ చెప్పు. బోర్డు సంగతి చదివి లిఖిత, నేను కడుపు పట్టుకుని నవ్వాం.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఉత్త వాసన చూసి ఊరుకోం కదా, పనివాళ్లను కూడా పరీక్షిస్తాం. ఆకును మంచులో నూరి, ఎంజైములను వేరుచేసి, గొట్టంలో పోసి, "ఇదిగో సరుకు, పని చెయ్యండి" అంటాం. హరిలాల్ మామ ఆకులో టోపీ పెట్టే పనివాడు మహా చురుకు. లవంగం సరుకు ఇస్తే గబగబా టోపీలు పెట్టేశాడు. మరి ఆకు నూనెలో చూస్తే టోపీ లేని లవంగం కుప్పలు కుప్పలు! ఇంత చురుకైన పనివాడు ఇంట్లో ఉండగా అంత మంది నెత్తి మీద టోపీ లేకుండా ఎలా మిగిలారు?

మా సార్ దాన్ని తర్వాత చూసుకుందాం, ముందు పెద్ద సంగతి చెప్పు అన్నాడు. నేనూ సరే అన్నాను. బొమ్మలన్నీ తయారు చేస్తున్నా. మొదటి బొమ్మ ఆ కాగితం దాటిన గీతే.

పన్ను పీకినచోట ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నావా? నిజం రాయి.

షీరీన్

*

భద్రాచలం
జులై 20

బేటీకి దువా.

ఇక్కడ అందరం మంచిగున్నం. గోదారి పెరుగుతున్నది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్న.

ఒక్క మాట అడుగుత. పెద్ద మిషన్‌లు గిట్ల ఎన్నడన్న తప్పు చెప్తయా? ఆ జూన్ నెల ఆకులు ఇంక మిగిలి ఉన్నయా? గుడ్డ ఉన్నదా, పారేసిండ్రా? ఉత్తగనే అడుగుతున్న.

అబ్బా

*

హైదరాబాద్
జులై 25

అబ్బా,

ఏమైంది? నీ జన్మలో నువ్వు ఇంత పొట్టి, పది లైన్ల ఉత్తరం రాయలేదు. "బేటీ" పక్కన "బంగారు" లేదు. బీపీ చూపించుకున్నావా? అమ్మీకి ఫోన్ చేస్తే "మీ అబ్బా మూడు రోజుల నుంచి లవంగ నూనె సీసా ముందర పెట్టుకుని కూర్చుంటున్నాడు, పన్ను పోయిందని బాధేమో" అంటోంది.

మిషన్ తప్పు చెప్పదు అబ్బా. లోపల ఏం పెడితే అదే చెబుతుంది. ఆకులు కొన్ని గడ్డకట్టించి దాచాం. గుడ్డ పారేశాం. ఎందుకు అడుగుతున్నావు?

కమిటీకి పంపే కాగితాలు పదో తేదీన సంతకం చేసి ఇస్తున్నాను. ఒకసారి ఇస్తే మార్చడానికి లేదు. దువా చెయ్యి.

షీరీన్

*

భద్రాచలం
జులై 29

నా బిడ్డా షీరీన్,

సంతకం చెయ్యకు.

ముందుగల ఆ మాట రాశిన. ఇప్పుడు మిగిలింది చెప్త. కోపం వస్తే రానియ్యి, నాకు దక్కాల్సిందే.

నీ చిక్కు సంగతి రాసిన ఉత్తరం సదివిన దినం సంది నా మనసు మనసుల లేదు. టోపీ లేని లవంగం ఎక్కడిది, ఎక్కడిది అని దుకాణంల కూసొని ఆలోచన చేస్తున్న. ఒకామె వచ్చి ఖస్ అత్తరు తీసుకున్నది. పొట్లం కట్టిన. కట్టుకుంటనే నా చెయ్యి దానంతట అది దూది తెంపింది, సీసాల ముంచింది, పొట్లం మడతల పెట్టింది. నేను చూస్తున్న, చెయ్యి చేస్తున్నది. యాభై ఏండ్ల అలవాటు, నన్ను అడుగదు. ఆమె పోయినంక నీ పొట్లం యాదికొచ్చింది.

ఆ దినం నీ ఆకుల పొట్లం గూడ నేనే కట్టిన బేటా. మన దుకాణం రివాజు ప్రకారం కట్టిన అని గొప్పగ రాసి ఉంటి. నీ పొట్లంల గూడ ఫాయా పెట్టిన. శెనగగింజంత దూది, తడిగుడ్డ మడతల, ఆకుల నడుమ. ఏ సీసాల ముంచిన అని గుర్తు చేసుకున్న. గులాబి కాదు, ఖస్ కాదు. పన్ను నొప్పికి చేతికాడ పెట్టుకున్నది ఒక్కటే సీసా. లవంగ నూనె.

హరిలాల్ ముక్కు సోంపు అన్నది. నేను వాన్ని ఎక్కిరించిన. వాని ముక్కే నిజం.

మూడు దినాలు ఆ సీసా ముంగట కూసున్న. చెప్పకుంటే ఏమైతది అనే షైతాను మాట గూడ మనసుల వచ్చింది, దాచను. సారు కుర్చీలకెల్లి లేశిండు, ఊరంత ఫలూదా తాగింది, హరిలాల్ బోర్డు పెట్టిండు. నువ్వు భయపడ్డ అని రాసినవ్ గదా, ఆ భయం మల్ల నీకు ఎట్ల ఇయ్యాలె అని పది లైన్లు రాసి ఊకున్న. నీ జవాబు వచ్చింది. సంతకం అన్నవ్. నాలుగేండ్లు ఆ మిషన్‌ల ముంగట కండ్లు కరగబోసుకున్న నా బిడ్డ సంతకం, నా దూది ముక్క మీద పెడతదా? పెట్టనియ్య.

రేపు హరిలాల్‌కు చెప్పవోత. బోర్డు నేనే పీకుత.

ఫెలోషిప్ పోతే పోయింది, ఇంటికి రా. మన దుకాణంల కూసుందువు. గట్ల రాసిన గని రాకు బిడ్డా, నీ జాగ అక్కడనే. ఏం చెయ్యమంటవో చెప్పు, చేస్త.

తప్పు చేసిన నీ అబ్బా,
జానీ మియా

*

హైదరాబాద్
ఆగస్టు 2

అబ్బా,

రెండు గంటలు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. లిఖితను అడిగితే, "అవును, దూది ఉంది, ప్యాకింగ్ అనుకుని పారేశాను" అంది. నేను కడుపు మండి నీకు ఒక ఉత్తరం రాశాను. అది చించేశాను. ఇది రెండోది.

చించుతుంటే వెలిగింది. నువ్వు నా చిక్కు విప్పేశావు అబ్బా! ఆ టోపీ లేని లవంగం ఆ ఇంటివాడు కాదు. బయటి నుంచి వచ్చి దూరాడు. ఆ ఇంట్లో పుట్టి ఉంటే మన చురుకైన పనివాడు టోపీ పెట్టకుండా వదిలేవాడా? నెల నుంచి నా కళ్ల ముందే ఉంది, పెద్ద గీత చూసి మురిసిపోయి చూడలేదు. తప్పు నీదొక్కడిదే కాదు.

ఇంకో సంగతి. ఫాయా ఆకు వాసనను మార్చగలదు గానీ ఆకులోని ఎంజైమును మార్చలేదు. వాసన అబద్ధం చెప్పింది, పనివాడు చెప్పలేదు. అంటే పనివాడి పరీక్ష ఇప్పటికీ నిజమే. ఆ పరీక్షలో అతను సోంపు సరుకుకూ టోపీ పెట్టాడు, లవంగం సరుకుకూ పెట్టాడు. రెండు పనులూ! మామూలుగా అలా చెయ్యరు. అప్పుడు దాని మీద దృష్టే పెట్టలేదు.

మా సార్‌కు అన్నీ చెప్పాను. పనివాడి పరీక్ష కాగితాలు తెమ్మని చూశాడు. తర్వాత "కాగితాలకు గడువు ఇరవయ్యో తేదీ దాకా అడుగుతాను, ఈలోగా మంచి ఆకులు తెప్పించు" అన్నాడు.

అదే మొక్కల ఆకులు కావాలి. పదో తేదీలోపు. ఫాయా లేకుండా! నువ్వు పొట్లం ముట్టకు. బాగా అర్థం కావాలని మళ్లీ రాస్తున్నా, ముట్టకు.

కోపం పోయింది. నిజం రాసినందుకు నీ చేతులు ముద్దుపెట్టుకోవాలని ఉంది. లవంగం వాసన వస్తున్నా సరే.

షీరీన్

*

భద్రాచలం
ఆగస్టు 9

నా బంగారు బేటీకి,

బంగారు మల్ల రాసిన చూడు!

నీ ఉత్తరం వచ్చిన దినం గోదారి రెండో హెచ్చరిక దాటింది. దుమ్ముగూడెం బస్సులు బంద్. హరిలాల్ సేను గట్టు కిందనే గదా, మునిగితే మొక్కలు లేవు, మొక్కలు లేకుంటే నీ పని లేదు. నేను అటు దిక్కు పోయే ట్రాక్టర్లను, గొర్లోళ్లను, అందరిని అడిగిన. చివరికి మందుల పెట్టెలు తీస్కపోతున్న దవాఖానా జీపుల డ్రైవర్ పక్కన కూసొని పోయిన.

పోతే ఏమున్నది? సేనంత ఎర్రనీళ్లు. కంచె లేదు, గేటు లేదు. బోర్డు ఒక్కటే నీళ్ల మీద తేలుకుంట పోతున్నది, "లవంగ సబ్జా" అని. నేను పీకుత అనుకున్నది గోదారి పీకింది. గట్టు మీద కూలబడి ఏడ్చిన. హరిలాల్ వచ్చి భుజం మీద చెయ్యి ఏసిండు. రేపు పోత అని నీకు రాసి గూడ మొకం చెల్లక పోలే, అప్పటికి వానికి ఫాయా ముచ్చట తెల్వదు. ఏడ్చుకుంటనే చెప్పిన. చెవిల అరిశిండు.

"అంటే నా ముక్కు కరెక్టేనా?"

"కరెక్టే."

"ముప్పై ఏండ్ల దోస్తీల ఒక్కసారన్న ఒప్పుకున్నవ్. లే, ఇంటికి నడువ్."

ఇంటికి పోతే బేటా, డాబా మీద నాలుగు నూనె డబ్బాలు. ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్క సబ్జా మొక్క! నీళ్లు మోకాటి దాక వచ్చినప్పుడే బాలి అత్త ఏర్లతోటి, మట్టితోటి తవ్వి నెత్తి మీద పెట్టుకొని తెచ్చిందట. "లవంగమో సోంపో నాకేం ఎర్క, పిల్ల అడిగిన మొక్కలు నీళ్ల పాలైతయా?" అన్నదట. బియ్యం బస్తాలు హరిలాల్ తర్వాత మోసిండట.

ఆకులు బాలి అత్తనే గిల్లింది. గిల్లక ముందు సబ్బుతోటి చేతులు రెండుసార్లు కడిగించిన. నేను పది అడుగుల దూరంల, చేతులు ఎనుకకు పెట్టుకొని, గాలి నా దిక్కుకెల్లి అటు పోకుంట చూసుకొని కూసున్న. పొట్లం హరిలాల్ కట్టిండు. కట్టుకుంట నా దిక్కు చూసి చూసి నవ్విండు. నా చెయ్యి రెండుసార్లు దూది కోసం జేబుల దూరింది, అబద్ధం ఆడను. రెండోసారి వాడు తువ్వాలతోటి నా చేతులు కట్టేసిండు. బాలి అత్త సెల్లుల ఫోటో గూడ తీసింది.

పొట్లం జీపు డ్రైవర్ చేతికే ఇచ్చినం, వాడే రవికుమార్‌కు అప్పజెప్పిండు. నేను జీపు ఎనుక సీట్ల కూసున్న.

నీ అబ్బా

*

హైదరాబాద్
ఆగస్టు 19

అబ్బాకు, పక్కన కూర్చుని చదవబోయే హరిలాల్ మామకు, బాలి అత్తకు, షీరీన్ సలాం.

కొత్త ఆకుల నూనెలో టోపీ లేని లవంగం దాదాపు లేదు. కాగితం దాటిన గీత చీమంత అయిపోయింది. సోంపు ఉంది, మామ ముక్కు చెప్పినట్టే. దాని పక్కనే మెత్తబడ్డ లవంగం కూడా ఉంది, టోపీ పెట్టుకున్నది.

పనివాణ్ని ఈసారి జాగ్రత్తగా చూశాను. అబ్బా, నీ తస్బీహ్ గుర్తు తెచ్చుకో. ఎంజైము కూడా పూసల దండే, మూడు వందల యాభైకి పైగా పూసలు. ముదిగొండ మొక్కలో పనివాడి దండ, మామ మొక్కలో పనివాడి దండ పక్కపక్కన పెడితే ఒక్క పూస తేడా. అంత దండలో ఒక్క పూస! ముదిగొండవాడు సోంపు సరుకుకే టోపీ పెడతాడు, లవంగం వస్తే మొహం తిప్పుకుంటాడు. దుమ్ముగూడెంవాడు ఎవరొచ్చినా రమ్మంటాడు. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే.

ముందు చెప్పుకున్నంత పెద్దది కాదు ఇది. సార్ కుర్చీలోంచి లేవలేదు. కానీ చూసిన కాగితం కింద పెట్టకుండా చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. నాకు అదే బాగుంది.

కాగితాలకు సంతకం చేశాను. ఫాయా సంగతి కూడా రాశాను, దాచలేదు. 30వ తేదీ ఇంటివాళ్లు రావచ్చు. దుకాణం తను చూసుకుంటానని అమ్మీ ఫోన్‌లో చెప్పింది, మీరు ముగ్గురూ రండి. అబ్బా, చెవిలో ఫాయా పెట్టుకుని రావచ్చు, హాలు వరకే. ల్యాబ్ గడప తొక్కావో, బాలి అత్త తీసిన, నీ చేతులు కట్టేసిన ఫోటో గోడకు అతికిస్తా.

షీరీన్

*

భద్రాచలం
సెప్టెంబర్ 4

నా బంగారు బేటీ షీరీన్‌కు,

క్షేమంగ చేరినం. హరిలాల్ తండాకు పోయిండు, బాలి అత్త నువ్వు హాస్టల్ల ఇచ్చిన గాజు గొట్టంల ఊదుబత్తి పెట్టుకుంటదట.

నేను చూసింది నీకు చెప్పాలె. నువ్వు ముంగట నిలబడి మాట్లాడుతున్నవ్, నాకు ఒక్క ముక్క ఇనపడలే. అయినా అంత అర్థమయింది. బొమ్మల పూసల దండ చూసిన. ఒక్క పూస ఎర్రగ ఉన్నది. ఆ తర్వాత బొమ్మల తడిగుడ్డ, దాని నడుమ శెనగగింజంత దూది. నువ్వు ఏదో చెప్తున్నవ్, హాలంత నవ్వింది. నువ్వు చెయ్యి నా దిక్కు సూపెట్టినవ్, అందరు తిరిగి చూసిండ్రు. హరిలాల్ చేతిల పలక మీద గబగబ రాసి ఇచ్చిండు, "తప్పు ఒప్పుకున్న తండ్రి లేకుంటే ఈ పని తప్పుగ పోతుండె అని చెప్తున్నది. లేచి సలాం కొట్టు!" లేచి కొట్టిన. చప్పట్లు ఇనపడలే గని చేతులు కదులుడు కనపడ్డది. గాలి తగిలినట్టయింది.

కమిటీల తెల్లజుట్టు మేడం నా కాడికి వచ్చి కాగితం మీద "ఆ ఫాయా పెట్టింది మీరేనా?" అని రాసింది. చెవిలది తీసి ఇయ్యబోయిన, అత్తరు అమ్మేటోని అలవాటు. కొత్తది చేసి ఇచ్చిన. ఆమె వాసన చూసి కండ్లు మూసుకున్నది. గులాబి, భయపడకు, లవంగం కాదు. రెండేండ్లు ఇచ్చిండ్రు అని నువ్వు వచ్చి నా చేతిల వేలితోటి "2" అని రాసేదాక నేను కుర్చీల కూసోలే.

హరిలాల్ కొత్త బోర్డు రాసిండు. నీళ్లు తీసినంక గట్టు మీద పాతుతడట. "అందరికి టోపీ పెట్టే సబ్జా" అని. పూల్‌సింగ్ చూసి, ఇట్ల రాస్తే విత్తనాలు ఎవడు కొంటడురా అన్నడట. పద్ధతిగ రాయమని నువ్వే ఒక ఉత్తరం రాయి, నా మాట ఇనడు.

సెప్టెంబర్ ఆకులు అడిగినవ్ గదా. ఈ పొద్దు బాలి అత్త గిల్లింది, హరిలాల్ కట్టిండు, రవికుమార్ బస్సుకేసిండు. నేను దుకాణంలనే ఉన్న, అటు దిక్కు గూడ పోలే. గని బేటా, నా బిడ్డకు పోయే పొట్లం ఉత్తగ పోతుంటే నా పాణం ఊకోలే. యాభై ఏండ్ల రివాజు.

అందుకే ఫాయా ఈ ఉత్తరం కవర్ల పెట్టిన. ఆకులు బస్సుల వస్తయి, ఇది పోస్టుల వస్తది. రెండు ఒక్క బల్ల మీద పెట్టకు. ముందు ఆకుల పని చేసుకో, చేతులు కడుక్కో, బయటికొచ్చి చెట్టు కింద నిలబడి ఇది చెవిల పెట్టుకో.

నీ అబ్బా,
జానీ మియా